పాజిటివ్ అంటే మంచిదా, చెడ్డదా?

హైస్కూల్లో ఇంగ్లీషు గ్రామరు చెప్పేటప్పుడు విశేషణాలకు మూడు డిగ్రీలు ఉంటాయని చెప్పేవారు. పాజిటివ్, కంపారెటివ్, సూపర్లెటివ్. టాల్, టాలర్, టాలెస్ట్. ఇందులో మొదటిదానికి పాజిటివ్ అని పేరెందుకు పెట్టారో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. బ్యాడ్, వర్స్, వర్స్ట్ అని బట్టీ పట్టాం. ఆ లెక్కన బ్యాడ్ అన్నది కూడా పాజిటివే. ఈ సంగతి ఇప్పుడు వ్యక్తిత్వ వికాసం క్లాసులు చెప్పేవాళ్ళకు చెబితే ఏమంటారో చూడాలని ఉంటుంది నాకు.

నేను చదివింది బి.కాం. చేసింది రక్షణ శాఖ అకౌంట్స్‌లో ఉద్యోగం. సుమారు 37 సంవత్సరాలు ఇతరుల కాగితాలు చదివి, వాటిలో మాటకు అంకె సరిపోతోందా లేదా అని చూడటమే నా పని. రిటైరైన తర్వాత చూడటానికి ఫైళ్ళు లేవు కాబట్టి మాటలు చూస్తున్నాను. ఈ పాజిటివ్ అనే మాట ఎక్కడెక్కడ ఎదురైతే అక్కడ ఒక నోటుబుక్కులో రాసుకోవడం కొన్నేళ్ళ క్రితం మొదలుపెట్టాను. ఎందుకు మొదలుపెట్టానో కాస్త తర్వాత చెబుతాను.

ముందు పుట్టుక సంగతి. ఈ మాటకు మూలం లాటిన్‌లో ‘పెట్టు, ఉంచు, నిలుపు’ అనే అర్థం ఉన్న క్రియ. పొజిషన్, డిపాజిట్, కంపోజ్ అన్నీ అదే ఇంటివాళ్ళు. కాబట్టి మొదట్లో పాజిటివ్ అంటే మంచి అని కాదు, సంతోషం అని కాదు, ఆశ అని అసలే కాదు. ‘ఒకరు నిలబెట్టినది, నిర్ణయించి పెట్టినది’ అని. న్యాయశాస్త్రంలో పాజిటివ్ లా అంటే ఇప్పటికీ అదే. దేవుడు ఇచ్చాడనో ప్రకృతిలో ఉందనో చెప్పుకునే ధర్మం కాదు, మనుషులు కూర్చుని రాసిపెట్టిన చట్టం. వరకట్న నిషేధ చట్టం పాజిటివ్ లా, మనుస్మృతి కాదు. ఈ అర్థం మన వాళ్ళలో చాలామందికి తెలియదు, తెలిస్తే ఈ మాటను ఇంత తేలిగ్గా బాబాలకు వదిలిపెట్టి ఉండేవాళ్ళం కాదు.

ఇంకొకటి ఉంది. ఫ్రాన్సులో ఆగస్ట్ కామ్టే అనే ఆయన 1830 నుంచి 1842 దాకా పాజిటివ్ ఫిలాసఫీ అని ఆరు సంపుటాలు రాశాడు. మనిషి ఆలోచన మొదట దేవుళ్ళ దశలో ఉంటుందని, తర్వాత కంటికి కనబడని తత్వాల దశకు వస్తుందని, చివరికి పాజిటివ్ దశకు చేరుతుందని ఆయన సిద్ధాంతం. అక్కడ పాజిటివ్ అంటే పరిశీలనకు దొరికిన వాస్తవం మీద నిలబడినది అని. అంటే సుమారు 200 ఏళ్ళ క్రితం ఈ మాట అచ్చంగా మన పక్షాన ఉంది. తమాషా ఏమిటంటే అదే కామ్టే చివరి రోజుల్లో మానవతా మతం అని ఒకటి పెట్టి, దానికి పూజారులను, పండగలను, 13 నెలల క్యాలెండరును తయారుచేశాడు. బ్రెజిల్ జెండా మీద ‘క్రమం, ప్రగతి’ అని ఉండే మాటలు ఆయన శిష్యుల పుణ్యమే. మతాన్ని దాటిన దశ అని చెప్పిన మనిషి మళ్ళీ మతం పెట్టడం చూస్తే, మాట మంచిదైనంత మాత్రాన మనిషి జారిపోకుండా ఉంటాడని ఏమీ లేదని తెలుస్తుంది. అదలా ఉంచండి.

లెక్కల్లో పాజిటివ్‌కు మన భాషలో ఉన్న మాట ధనం. నెగటివ్‌కు రుణం. ధన సంఖ్య, రుణ సంఖ్య అని మనం చదువుకున్నది బ్రహ్మగుప్తుడి నుంచి వచ్చింది. ఆయన 628లో రాసిన గ్రంథంలో ధన రుణ సంఖ్యలను కలపడానికి, తీసివేయడానికి, గుణించడానికి నియమాలు ఇచ్చాడు. ఆస్తి, అప్పు అనే మాటలతోనే లెక్క నడిపించాడు. నా లాంటి అకౌంట్స్ మనిషికి ఇది చాలా నచ్చే విషయం. అప్పు పాపం కాదు, అదొక అంకె. దాని ముందు ఒక గుర్తు ఉంటుంది, అంతే. అప్పులో నుంచి అప్పు తీసేస్తే ఏమొస్తుందో కూర్చుని ఆలోచించిన మనిషికి రుణం అంటే భయం లేదు. నెగటివ్ అనే మాట వినగానే ఉలిక్కిపడే ఇప్పటివాళ్ళకు ఆ పాటి ధైర్యం లేదు.

కరెంటు సంగతి ఇంకా విచిత్రం. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1747లో విద్యుత్తుకు పాజిటివ్, నెగటివ్ అని పేర్లు పెట్టాడు. ఏది ఎటు ప్రవహిస్తుందో అప్పటికి తెలిసే వీలు లేదు. ఒకదానికి ఒక పేరు, రెండోదానికి రెండో పేరు. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుక్కున్నాక చూస్తే, తీగలో నిజంగా కదిలేది నెగటివ్ అని పేరు పెట్టినదే. పేర్లు తారుమారు చేసి ఉంటే మీ ఇంట్లో బల్బు ఇంకోలా వెలిగేదా? లేదు కదా. ఫోటో స్టూడియోలో నెగటివ్ జాగ్రత్తగా దాచుకోమని చెప్పేవాళ్ళు, పాజిటివ్ ఎప్పుడైనా మళ్ళీ తీసుకోవచ్చని. రక్తంలో ఆర్‌హెచ్ అనే పదార్థం ఉంటే పాజిటివ్, లేకపోతే నెగటివ్. ‘నా బ్లడ్ గ్రూపే బి పాజిటివ్’ అనే జోకు వాట్సాప్‌లో నాకు ఇప్పటికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్క పెట్టడం మానేశాను.

ఇక ఆఫీసు. ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు ఈ మాట ఇంకో రూపంలో బాగా తెలుసు. ‘మీ జవాబు 15వ తేదీలోగా పాజిటివ్‌లీ ఈ కార్యాలయానికి చేరవలెను.’ ఇక్కడ పాజిటివ్‌లీ అంటే తప్పకుండా అని. జవాబు మంచిదై ఉండాలని కాదు. లండన్ వాడికి ఈ ఉత్తరం ఇస్తే కాస్త తల గోక్కుంటాడు, మనకు మాత్రం వెంటనే అర్థమవుతుంది, గడువు దాటితే మెమో వస్తుందని.

ఆడిట్‌లో ఇంకో ప్రయోగం ఉంది. బాకీదారులకు ఉత్తరాలు రాసి ‘మా పుస్తకాల్లో మీ పేర ఇంత బాకీ ఉంది, నిజమేనా?’ అని అడుగుతారు. ఇది రెండు రకాలు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా జవాబు రాయాలి అని అడిగితే పాజిటివ్ కన్ఫర్మేషన్. ఒప్పుకోకపోతేనే రాయండి అంటే నెగటివ్ కన్ఫర్మేషన్. మొదటి పద్ధతిలో జవాబు రాకపోతే సాక్ష్యం లేనట్టే, మళ్ళీ రాయాలి, వేరే కాగితాలు వెతకాలి. రెండో పద్ధతిలో జవాబు రాకపోవడాన్నే ఒప్పుకున్నట్టుగా లెక్కేస్తారు. చౌక, సులువు, కానీ సాక్ష్యంగా బలహీనం. ఉత్తరం చేరలేదేమో, చేరినా చదవలేదేమో, చదివినా బద్ధకించాడేమో.

ఇది చదువుకున్న రోజుల్లో పరీక్షకు రెండు మార్కుల ప్రశ్న. తర్వాత తర్వాత మహిమల గురించి మనవాళ్ళతో వాదించేటప్పుడు నాకు ఇది చాలా పనికొచ్చింది. ఫలానా చోట మొక్కుకుంటే పిల్లలు పుట్టారు అని ఊరంతా చెబుతుంది. మొక్కుకున్నా పుట్టనివాళ్ళు ఏం చేస్తారు? వెళ్ళి గుడి ముందు బోర్డు పెడతారా? ఊరుకుంటారు. ఆ ఊరుకోవడాన్ని ఒప్పుకోలుగా జమ కట్టేసి పుస్తకం మూసేస్తారు. లోకంలో ఉన్న స్వాములందరి ఖాతాలూ నెగటివ్ కన్ఫర్మేషన్ మీదే టాలీ అవుతున్నాయి. మొక్కుకున్న ప్రతివాడికీ ఉత్తరం రాసి, తీరినా తీరకపోయినా జవాబివ్వండి అని అడిగినవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు.

ఇక నోటుబుక్కు ఎందుకు మొదలుపెట్టానో చెబుతాను.

2012లో మా చెల్లెలికి రొమ్ములో గడ్డ వచ్చింది. ఆమె ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచరు. హైదరాబాదులో ఆపరేషన్ చేయించాం, మా ఇంట్లోనే ఉండేది. పదిరోజుల తర్వాత పెథాలజీ రిపోర్టు వచ్చింది. బావగారు స్కూటరు పార్క్ చేసి వచ్చేలోపే ఆసుపత్రి వరండాలో నా చేతిలోంచి కాగితం లాక్కుని చదివింది. తెలుగు టీచరైనా ఇంగ్లీషు బాగానే వచ్చు. చదివి, ‘అన్నయ్యా, ఇందులో పాజిటివ్ అంటే మంచిదా, చెడ్డదా?’ అని అడిగింది.

ఆ కాగితంలో మూడు వాక్యాలు ఉన్నాయి. చంకలో తీసిన 18 లింఫు గ్రంథుల్లో 7 పాజిటివ్. కోసిన అంచులు నెగటివ్. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పాజిటివ్.

మొదటిది చెడ్డ వార్త, కాన్సర్ గడ్డ దాటి గ్రంథుల్లోకి వెళ్ళిందని. రెండోది నెగటివ్ అయినా మంచి వార్త, కోసిన చోట అంచుల్లో కాన్సర్ కణాలు మిగల్లేదని. మూడోది పాజిటివ్, అదీ మంచి వార్తే, ఎందుకంటే అలాంటి కాన్సర్‌కు టామోక్సిఫెన్ లాంటి మాత్రలు పనిచేస్తాయి. ఒకే పేజీలో, మూడు అంగుళాల మేర, ఒకే మాట రెండు సార్లు వచ్చి రెండు వైపులకు లాగింది. డాక్టరు గారు ఓపిగ్గా విడమరిచి చెప్పారు. ఆయనకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి, అంత టైము అందరూ ఇవ్వరు.

ఇంటికొచ్చాక చెల్లెలు పెన్సిల్ తీసుకుని ఆ కాగితం మీద పాజిటివ్ అన్నచోటల్లా ‘ఉంది’ అని, నెగటివ్ అన్నచోట ‘లేదు’ అని రాసింది. ఏడు గ్రంథుల్లో ఉంది. అంచుల్లో లేదు. రిసెప్టర్ ఉంది. అంతే, గందరగోళం పోయింది. వైద్యంలో పాజిటివ్‌కు నేను చూసిన అనువాదాల్లో ఇంతకంటే సరైనది లేదు. పేపర్లవాళ్ళు సానుకూలం, ధనాత్మకం, సకారాత్మకం అని ఏవేవో వాడతారు. వెతికిన పదార్థం ఉందా లేదా అన్నదే అక్కడ ప్రశ్న. ఉండటం మంచిదా చెడ్డదా అన్నది మనం వెతికింది ఏమిటి అన్నదాని మీద ఉంటుంది.

అయితే ఉంది అని వచ్చినంత మాత్రాన ఉన్నట్టేనా? ఇది ఇంకో చిక్కు, ఇందులో అంకెలు ఉన్నాయి కాబట్టి నా పరిధిలోకి వస్తుంది. ఒక జబ్బు వెయ్యి మందిలో ఒకరికి ఉందనుకుందాం. దానికో పరీక్ష ఉంది. జబ్బు ఉన్నవాళ్ళలో నూటికి 99 మందిని పట్టుకుంటుంది, లేనివాళ్ళలో నూటికి ఒక్కరినే పొరపాటున పట్టుకుంటుంది. వినడానికి బ్రహ్మాండమైన పరీక్ష. లక్ష మందికి చేయండి. జబ్బు ఉన్నవాళ్ళు 100 మంది, వాళ్ళలో 99 మందికి పాజిటివ్. జబ్బు లేనివాళ్ళు 99,900 మంది, వాళ్ళలో నూటికి ఒకరు చొప్పున 999 మందికి పాజిటివ్. మొత్తం 1,098 పాజిటివ్‌లలో నిజంగా జబ్బున్నవాళ్ళు 99 మంది. నూటికి తొమ్మిది. అంటే పాజిటివ్ అని కాగితం చేతిలో పట్టుకున్న ప్రతి 11 మందిలో 10 మందికి జబ్బు లేదు. జర్నల్ ఎంట్రీ రాసుకున్నంత తేలికైన లెక్క ఇది. అయినా చదువుకున్నవాళ్ళు కూడా 99 శాతం అనే అంకె దగ్గరే ఆగిపోతారు. పరీక్ష ఎంత గట్టిదైనా, వెతికేది అరుదైనది అయితే పాజిటివ్‌లలో ఎక్కువ దొంగవే ఉంటాయి. మనదేశంలో హెచ్‌ఐవి పరీక్షలో, లక్షణాలేమీ లేనివాళ్ళకు ఒక కిట్‌లో పాజిటివ్ వస్తే అంతటితో ఆగకుండా వేరే వేరే కిట్లతో మొత్తం మూడు సార్లు చూసే పద్ధతి పెట్టింది ఇందుకే. దొంగ పాజిటివ్ కాగితం పట్టుకుని మనిషి ఏం చేసుకుంటాడో ఊహించండి.

మా కాలనీలో ప్రతి వర్షాకాలం టైఫాయిడ్ పాజిటివ్ అని ఇద్దరు ముగ్గురు చెబుతారు. ఏ పరీక్ష అని అడిగితే విడాల్. ఇది 1896లో కనిపెట్టిన పరీక్ష. పాత జబ్బు వల్లో టీకా వల్లో రక్తంలో మిగిలిన యాంటీబాడీలకు కూడా పాజిటివ్ చూపిస్తుంది. మన దేశం లాంటి చోట ఒక్కసారి విడాల్ చేసి టైఫాయిడ్ అని తేల్చడం కుదరదని వైద్య పుస్తకాలే చెబుతాయి. బ్లడ్ కల్చర్ చేయాలి. కానీ అది రావడానికి రోజులు పడుతుంది, ఖర్చు ఎక్కువ. విడాల్ సాయంత్రానికి వస్తుంది, యాంటీబయాటిక్ రాత్రికి మొదలవుతుంది.

2020లో కరోనా వచ్చి ఈ మాటకు అసలైన పరీక్ష పెట్టింది. ‘పాజిటివ్ వచ్చిందట’ అని గుసగుసగా చెప్పుకునేవాళ్ళం. అపార్టుమెంటులో నెగటివ్ వచ్చిన కుటుంబం పక్కింటికి మైసూర్‌పాక్ పంపింది. పొద్దున్నే బి పాజిటివ్ అని గులాబీ పువ్వు పెట్టి పంపే మహానుభావులు కొన్ని నెలలు పాటు గుడ్ మార్నింగ్ మాత్రమే పంపారు. అదే ఏడాది ఆగస్టులో రక్షణ శాఖ దిగుమతి చేసుకోకూడని 101 వస్తువుల జాబితా ప్రకటించింది. అప్పుడు దాన్ని నెగటివ్ లిస్ట్ అన్నారు. 2021 వచ్చేసరికి దానికే పాజిటివ్ ఇండిజినైజేషన్ లిస్ట్ అని పేరు మార్చారు. ఉద్దేశం అదే, పద్ధతి అదే, గుర్తు మాత్రం మారింది. బ్రహ్మగుప్తుడు ఉంటే నవ్వుకునేవాడు. నేను అప్పటికి రిటైరయ్యాను కాబట్టి ఫైలు మీద నోట్ రాసే బాధ తప్పింది.

మా చెల్లెలి దగ్గరకు మళ్ళీ వస్తాను. కీమో జరిగిన ఆరు నెలలూ చూడటానికి వచ్చిన ప్రతి మనిషీ ఒకటే మాట. ‘పాజిటివ్‌గా ఉండాలమ్మా, సగం జబ్బు అదే పోతుంది.’ వాంతులతో అల్లాడే మనిషికి, నోరంతా పూసిపోయి మంచినీళ్ళు దిగని మనిషికి ఇదో అదనపు డ్యూటీ. ఏడవాలనిపిస్తే ఏడవకూడదు, భయమేస్తే చెప్పకూడదు. ఒకరోజు ఒక బంధువు వెళ్ళాక నాతో అంది, ‘అన్నయ్యా, నేను ఏడిస్తే గడ్డ పెరుగుతుందా? ఈ సంగతి కాస్త కనుక్కో.’

కనుక్కున్నాను. అమెరికాలో డేవిడ్ స్పీగెల్ అనే సైకియాట్రిస్టు 1989లో 86 మంది రొమ్ము కాన్సర్ స్త్రీల మీద చేసిన అధ్యయనం ప్రచురించాడు. గ్రూపుగా కూర్చుని మాట్లాడుకునే చికిత్స తీసుకున్నవాళ్ళు ఎక్కువ కాలం బతికారని అందులో తేలింది. మనసుతో కాన్సర్‌ను జయించవచ్చు అనే ప్రచారానికి ఇది పెద్ద ఆసరా అయింది. శాస్త్రంలో ఒకరు చూసినది ఇంకొకరు చూడాలి కదా. కెనడాలో 235 మంది స్త్రీలతో మళ్ళీ చేసి 2001లో ప్రచురించారు. మనసు కుదుటపడింది, నొప్పి తగ్గినట్టు చెప్పారు, ఆయుష్షు మాత్రం పెరగలేదు. స్పీగెల్ బృందమే మళ్ళీ చేసి 2007లో చెప్పినదీ అంతే, మొత్తం మీద ఆయుష్షులో తేడా లేదని. మొదటి ఫలితాన్ని తన చేత్తోనే మళ్ళీ పరీక్షకు పెట్టి, రానిదాన్ని రాలేదని అచ్చు వేసిన ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది. అదే సంవత్సరం జేమ్స్ కోయిన్, ఆయన సహచరులు తల, మెడ కాన్సర్లు ఉన్న 1,093 మంది మీద చేసిన పరిశీలన వచ్చింది. రోగి మానసికంగా ఎంత బాగున్నాడన్న దానికీ, ఎంతకాలం బతికాడన్న దానికీ సంబంధం కనబడలేదు.

చెల్లెలికి ఇదంతా తెలుగులో చెప్పాను. ‘అయితే ఏడవచ్చన్నమాట’ అంది. ఆ సాయంత్రం చాలాసేపు ఏడ్చింది. తర్వాత పెసరట్టు అడిగింది.

ధైర్యం వద్దని నేను అనడం లేదు. మనసు కుదుటగా ఉంటే రోజు కాస్త సుఖంగా గడుస్తుంది, మందులు వేళకు వేసుకుంటారు, అది చిన్న విషయం కాదు. నా అభ్యంతరం ఆ మాట వెనక దాగిన బిల్లు మీద. పాజిటివ్‌గా ఉంటే తగ్గుతుంది అన్నవాడు, తగ్గకపోతే నువ్వు సరిగా పాజిటివ్‌గా లేవు అని కూడా అన్నట్టే. ఇది పూర్వజన్మ కర్మ అనే పాత సరుకే, కొత్త ప్యాకింగులో వచ్చింది. 1952లో ‘ద పవర్ ఆఫ్ పాజిటివ్ థింకింగ్’ రాసిన నార్మన్ విన్సెంట్ పీల్ న్యూయార్కులో చర్చి పాస్టరు అన్న సంగతి మన పర్సనాలిటీ డెవలప్‌మెంట్ వాళ్ళు ఎందుకో చెప్పరు. బార్బరా ఎరెన్‌రైక్ అనే అమెరికన్ రచయిత్రికి కూడా రొమ్ము కాన్సర్ వచ్చింది. ఆమె జీవశాస్త్రంలో డాక్టరేట్ చేసిన మనిషి. గులాబీ రంగు రిబ్బన్ల మధ్య కోపం చూపించే హక్కు కూడా లేకుండా చేశారని మండిపడి, ఈ పాజిటివ్ పిచ్చి మీద 2009లో ఒక పుస్తకమే రాసింది.

మా చెల్లెలికి 2015లో ఎముకల్లో తిరగబెట్టింది. 2016లో పోయింది. పదకొండో రోజున భోజనాల దగ్గర ఒక పెద్దమనిషి, వాక్యం నాకు ఇప్పటికీ గుర్తుంది, ‘చివర్లో కాస్త నెగటివ్ అయిపోయింది పాపం, లేకపోతే ఇంకో పదేళ్ళు ఉండేది’ అన్నాడు. బావగారు విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు. నేను ఆ పెద్దమనిషికి 7 గ్రంథుల సంగతి చెప్పాను. ఆయన వినలేదు. నోటుబుక్కులో మొదటి పేజీలో ఉన్నది ఆయన వాక్యమే.

నెగటివ్ మనిషి అనిపించుకోవడం నాకు కొత్త కాదు. ఆడిట్‌లో ఉన్నవాడికి అది ఉద్యోగంతో పాటు వచ్చే బిరుదు. 1990లలో ఒక యూనిట్‌లో లోకల్ పర్చేజ్ ఫైలు చూస్తున్నాను. మూడు దుకాణాల నుంచి మూడు కొటేషన్లు. మూడు లెటర్‌హెడ్‌లు వేరు, టైపు ఒకటే, మూడింటిలోనూ కొటేషన్ అనే మాటకు ఒకే స్పెల్లింగు తప్పు. అబ్జెక్షన్ రాశాను. అక్కడి అధికారి టీ తెప్పించి, ‘కాస్త పాజిటివ్‌గా చూడండి సార్’ అన్నాడు. నేను చాలా పాజిటివ్‌గానే చూశాను, కామ్టే అర్థంలో. కంటికి కనిపించిన వాస్తవమే రాశాను. ఆయన ఉద్దేశం వేరు. ఆ మాటకు ఆయన నిఘంటువులో అర్థం ‘చూడకుండా ఉండండి’ అని.

హేతువాదులను కూడా ఇలాగే అంటారు. దేవుడు లేడు, దయ్యం లేదు, జాతకం లేదు, అన్నీ లేదు లేదు అనే మనుషులు, నెగటివ్ మనుషులు అని. ఉంది అని చెప్పేవాడే చూపించాలి అన్నది ప్రతి లెక్కల పుస్తకంలోనూ మొదటి నియమం. వోచరు లేని ఖర్చును ఒప్పుకోకపోవడం ఆడిటరు మనసులోని లోపం కాదు.

పాజిటివ్ ఎనర్జీ సంగతి చెప్పకుండా ముగిస్తే మీరు ఊరుకోరు. ఎనర్జీని జౌళ్ళలో కొలుస్తారు. ఈశాన్యం మూలలో ఎన్ని జౌళ్ళు ఉన్నాయో, ఏ మీటరుతో కొలిచారో చెప్పిన వాస్తు పండితుడు నాకు ఇంతవరకు తగల్లేదు. మా అల్లుడు ఫిజిక్స్ లెక్చరర్. అతను చెప్పింది వినండి. అనంత దూరంలో సున్నా అని లెక్క పెట్టుకుంటే, సూర్యుడి చుట్టూ తిరిగే భూమి మొత్తం శక్తి నెగటివ్. నెగటివ్ కాబట్టే కట్టుబడి తిరుగుతోంది. అది పాజిటివ్ అయిన రోజున భూమి సూర్యుణ్ణి వదిలి చీకట్లోకి వెళ్ళిపోతుంది. నెగటివ్ ఎనర్జీ పుణ్యాన మనం బతుకుతున్నాం! ఇదే బజారులో నెగటివ్ అయాన్ల లాకెట్లు ఆరోగ్యానికి మంచివని అమ్ముతారు. అక్కడ నెగటివ్ మంచిది. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ అలాంటి సరుకు పరీక్షించి, 10 రకాల వస్తువులు రేడియోధార్మికత వెదజల్లుతున్నాయని, వేసుకోవద్దని హెచ్చరించింది. ఫైవ్‌జీ నుంచి కాపాడతాయని అమ్మిన లాకెట్లు, పిల్లల బ్రేస్‌లెట్లు ఉన్నాయి అందులో.

ఇంత దూరం ఎందుకు, మా అపార్టుమెంటు సంగతే చూడండి. రెండేళ్ళలో ముగ్గురు పోయారని, గేటు దిక్కు వల్ల నెగటివ్ ఎనర్జీ లోపలికి వస్తోందని ఒక కన్సల్టెంటును పిలిచారు. పోయిన ముగ్గురిలో ఒకాయనకు 91 ఏళ్ళు, ఒకావిడకు 88. గేటు పడగొట్టి తూర్పుకి జరపడానికి 3 లక్షల 80 వేలు అంచనా. డబ్బు లిఫ్టు మరమ్మతు కోసం పోగుచేసిన నిధిలోంచి. నాలుగో అంతస్తులో వీల్‌ఛైర్‌లో ఉన్న ఒక పాప బడికి వెళ్ళేది ఆ లిఫ్టులోనే. నేను అసోసియేషన్ లెక్కలు చూసే మనిషిని కాబట్టి ఫైలు నా దగ్గరకు వచ్చింది. సెక్రెటరీ గారు మంచివారే, ‘మీరు అన్నిటికీ నెగటివ్‌గా ఉండకండి సార్’ అన్నారు.

నేను కాదనలేదు. కన్సల్టెంటు గారికి అసోసియేషన్ తరఫున ఒక ఉత్తరం రాశాను. గేటు జరిపాక ఏది ఎంత మారుతుందో, దాన్ని ఎవరు ఎలా కొలుస్తారో, మారకపోతే డబ్బు ఎన్ని రోజుల్లో వాపసు చేస్తారో రాతపూర్వకంగా తెలియజేయవలెనని, జవాబు ఈ నెల 15వ తేదీలోగా పాజిటివ్‌లీ అందవలెనని. ఇవాళ 28. లిఫ్టు కంపెనీ వాళ్ళు వచ్చే సోమవారం పని మొదలుపెడుతున్నారు.